కందిలో కంటపడని పచ్చ పురుగు

కంది పూత మీద నుంచి పిందెకు తిరిగే సమయంలో ముసురు పడితే రైతు జాగ్రత్తపడాలి. మబ్బు కమ్మి చిరుజల్లులు పడుతుంటే శనగపచ్చ పురుగు, మారుకా మచ్చల పురుగు రెండూ ఒకేసారి ఊపందుకుంటాయి. తాండూరు నుంచి ప్రకాశం దాకా కంది వేసినవారికి ఈ దశలో ఉన్న ముప్పు ఇదే. శనగపచ్చ పురుగు రావడం కంటే, వచ్చిన రెండు వారాలకు గానీ రైతు కంటపడకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అప్పటికి అది ఒకటిన్నర అంగుళం పెరిగి ఏ మందుకూ సరిగా లొంగని దశకు చేరుతుంది. రైతు కంగారుగా దుకాణానికి పరుగెత్తితే అక్కడ రెండు మూడు మందులు కలిపి చేతిలో పెడతారు. ఎరువులు, అంతరకృషి సంగతులు మీకు తెలిసినవే కాబట్టి, ఈసారి ఈ పురుగు చేలో ఎలా దాక్కుంటుందో చూద్దాం.

తల్లి పురుగు ఎండుగడ్డి రంగులో ఉంటుంది. పగలంతా ఆకుల మాటున కదలకుండా ఉండి చీకటిపడ్డాక లేత మొగ్గల మీద, పూల మీద గుడ్లు విడివిడిగా పెడుతుంది. గుంపుగా పెట్టదు కనుక ఒక్కచోట చూసి పట్టేద్దామంటే కుదరదు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు పాలిపోయిన పసుపు రంగులో పువ్వులో కలిసిపోతుంది. పెరిగేకొద్దీ తిన్న తిండినిబట్టి, మరికొన్ని కారణాల వల్ల ఒకటి పచ్చగా, ఒకటి గోధుమ రంగులో, ఇంకొకటి నలుపు తిరిగి కనిపిస్తుంది. కంది కాయను దగ్గర పెట్టుకుని చూడండి, పచ్చటి తొక్క మీద ఊదా చారలుంటాయి. పురుగు ఒంటికి రెండు పక్కలా పొడుగ్గా పోయే గీతలు ఆ చారల్లో కలిసిపోయి, పురుగు ఆకారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కన్ను పట్టలేదు. పైగా తలను కాయలోకి దూర్చి వెనుక సగమే బయట ఉంచుతుంది. నిలబడి చేను చూసుకుంటూ పోయేవారికి అది కాయలో భాగంగానే తోస్తుంది.

ఈ రంగుల తేడానే కొందరు అమ్మకానికి వాడుకుంటున్నారు. ‘ఇది కొత్త పురుగు, పాత మందుకు చావదు’ అంటూ నల్లపురుగుకు ఒక డబ్బా, పచ్చపురుగుకు ఇంకో డబ్బా అంటగడుతున్నారు. ఇన్ని రంగుల్లో కనిపించేది ఒకే పురుగు, రంగునుబట్టి మందు మారదు. మందుకు లొంగకపోవడానికి కారణాలు వేరే. పురుగు ముదరడం ఒకటి, ఒకే రకం మందు పదేపదే కొట్టడం రెండోది. 1987-88లో కోస్తా పత్తిలో సింథటిక్ పైరిథ్రాయిడ్లు వరుసగా కొట్టాక ఇదే పురుగు వాటికి తట్టుకుని పంటను తుడిచిపెట్టింది. అప్పులపాలై రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అనుభవం ఉన్న నేల మీద మళ్లీ మళ్లీ అవే సలహాలు అమ్ముడుపోవడం సహించరానిది.

కంటికి కనిపించని పురుగుకు ముందే కొడితే పోదా, మందుకు కళ్లెందుకు అని అడిగేవారున్నారు. ప్రశ్న సబబే, కానీ కందిలో అది పనిచేయదు. కంది ఒక్కసారిగా పూయదు. ఈ రోజు మందు పడిన పూత పోయి వారంలో కొత్త పూత వస్తుంది, దాని మీద మందు ఉండదు. పూసిన పూతలో ఎక్కువ భాగం పురుగు లేకపోయినా రాలిపోయేదే, దాన్ని కాపాడబోయి డబ్బు పోసినట్టవుతుంది. కాయలోకి దూరిన పురుగుకు, పూలను గూడుగా అల్లుకుని లోపల ఉన్న మారుకాకు పైపైన పడే మందు సరిగా తగలదు. తగిలేది బయట తిరుగుతూ పురుగును చంపే చిన్న కందిరీగలకు. ఆ కందిరీగలు పురుగును రంగునుబట్టి కాక వాసననుబట్టి వెతుక్కుంటాయి, అంటే మన కన్ను మోసపోయే చోట మోసపోనివి అవి. వాటిని చంపి మందు డబ్బాను నమ్ముకోవడం ఎంత నష్టమో ఆలోచించండి. మరి పక్షుల కన్ను కూడా మోసపోతుంది కదా, పక్షి స్థావరాలు ఎందుకంటారా? ఒంటి రంగు కాపాడేది కదలనంతసేపే. ఒక పురుగు కాయ నుంచి కాయకు మారుతూ తింటుంది, ఆ కదలికలోనే పసులపోలిగాడికి, గోరింకకు దొరుకుతుంది. పక్షులు వాలేందుకు ఎకరాకు 20 పంగల కర్రలు పాతడానికి కాస్త ఓపిక చాలు.

పురుగును దాచేది వెనకాల ఉన్న పచ్చదనం. దాన్ని తీసేస్తే పురుగు బయటపడుతుంది. ఉతికిన పాత తెల్ల పంచె మొక్క కింద పరిచి కాండం పట్టుకుని గట్టిగా కుదపండి. చేలో అయిదు చోట్ల, చోటుకు నాలుగు మొక్కలు చూస్తే చాలు, కూలీలు అక్కర్లేదు. తెల్ల గుడ్డ మీద అగ్గిపుల్ల తలంత పురుగు కూడా కనబడుతుంది. పిందెల దగ్గర తడిగా, పచ్చగా ఉన్న రెట్ట పురుగు అక్కడే ఉందని చెబుతుంది, ఎండి గోధుమ రంగు తిరిగితే వెళ్లిపోయిందని అర్థం. పెద్ద పురుగులే ఉంటే కుదిపి, రాలినవి ఏరి చంపడమే మేలు. దీన్ని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కూడా కంది రైతులకు చెప్పారు. గుడ్లు, అప్పుడే పుట్టిన పిల్లలు కనిపిస్తే 1500 పి.పి.ఎం. వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున సాయంత్రం కొట్టండి. మొక్కకు సగటున ఒక చిన్న పురుగు దాటితేనే క్లోరాంట్రానిలిప్రోల్ లీటరుకు 0.3 మి.లీ. వాడండి. అదొక్కటే కొట్టండి, ఇంకేదీ కలపవద్దు.

ఇలా కంటిని మోసగించేవి వేరే పంటల్లోనూ ఉన్నాయి. ఆముదంలో దాసరి పురుగు పుల్లలా కాండానికి అతుక్కుని ఉంటుంది, కొరికిన ఆకు కింద వెతకండి. నిమ్మ నారులో పిట్ట రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పురుగు కావచ్చు, చేత్తో ఏరితే సరి. సీతాఫలం, పత్తిలో తెల్లటి మైనం కప్పుకున్నదల్లా పిండినల్లి కాదు. చకచకా నడిస్తే అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల, అక్కడ మందు కొట్టవద్దు.