తండాలో కుట్టుపని – పంచాయతీ సభ్యులు గమనింపవలసిన సంగతులు

పగటి ఎండ తగ్గి మేకలు ఇండ్లకు మరలు వేళకు లంబాడీ తండాలలో ఒక దృశ్యము నిత్యమును కానవచ్చెడిది. వేపచెట్టు క్రిందనో, ఇంటి అరుగు మీదనో అయిదారుగురు స్త్రీలు కూడి కూర్చుండెడివారు. ఒకరి ఒడిలో ఎఱ్ఱని నూలుగుడ్డ, మరియొకరి ముందు గవ్వల మూట, ఇంకొకరి చేత అద్దపు బిళ్లలు. ఎవరి పని వారిదే. కాని దారము అందరిది, మాట అందరిది, పాట అందరిది. రేపటి కూలి మొదలుకొని పొరుగు తండాలో కుదిరిన పెండ్లి వఱకు సర్వమును అచ్చటనే తేలిపోయెడిది. నేటికిని కొన్ని తండాలలో ఈ కూటమి కలదు. అనేకములందు లేదు.

లంబాడీ కుట్టును మెచ్చుకొనినవారు పెక్కుమంది. వారు మెచ్చినది గుడ్డను. ఆ గుడ్డ కుట్టబడిన సాయంకాలమును గూర్చి పలికినవారు తక్కువ. ఆ కూటమి చెదరినచోట కుట్టు చిరకాలము నిలువదని మేము చూచిన కొలదిలో తెలిసికొంటిమి. అందుచేత ఈ నెల దానిని గూర్చియే వ్రాయుచున్నాము.

దీనితో పంచాయతీకి పనియేమి అని ఎవరైన అడుగవచ్చును. 1993 ఏప్రిల్ 24 నుండి అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందు ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు ఒకటి. సాంస్కృతిక కార్యక్రమములు ఒకటి. సంతలు, జాతరలు ఒకటి. ఈ మూడింటికిని కుట్టుపని చెందును. అదియు గాక 2018 ఆగస్టు 2న తెలంగాణమున క్రొత్త గ్రామపంచాయతీలు ఏర్పడినప్పుడు వేయికి పైగా తండాలు, గూడెములు తమ సొంత పంచాయతీలను పొందినవి. అంతకు పూర్వము పెద్ద గ్రామమునకు శివారుగా నుండిన తండాలో నేడు సర్పంచి, వార్డు సభ్యులు ఆ ఇండ్లవారే. ఈ పుటలు చదువు సభ్యులలో కొందఱి తల్లులు ఈ కుట్టు కుట్టినవారే అయియుందురు.

లంబాడీలు, బంజారాలు, సుగాలీలు అను పేర్లతో పిలువబడు ఈ ప్రజలు పూర్వము ఎద్దుల మందలపై ధాన్యమును, ఉప్పును మోసి దేశమంతట తిరిగిన వర్తకులు. మొగలు సైన్యములు దక్కనునకు దిగినప్పుడు వాటి వెంట తిండిగింజలు నడిపించినవారు వీరు. పందొమ్మిదవ శతాబ్దమున బాటలు, రైలుమార్గములు వచ్చుటతో ఆ వర్తకము పోయెను. 1871లో బ్రిటిషు ప్రభుత్వము చేసిన నేరస్థ జాతుల చట్టము క్రింద తరువాతి కాలమున పలుచోట్ల వీరిని చేర్చిరి. ఆ ముద్ర 1952లో గాని తొలగలేదు. నిలువ నీడ లేని బ్రతుకున ఆస్తి యనదగినది ఒంటిమీదనే యుండవలయును గదా! నాణెములు, గవ్వలు, పూసలు బట్టకే కుట్టబడుటకు అదియొక కారణమై యుండును.

స్త్రీల వేషమున ముఖ్యమైనవి మూడు: ఫేటియా అను పరికిణీ, కాంచళి అను వీపు తెరచిన రవిక, టుక్రి అను తలముసుగు. చాల కుట్లకు గుడ్డపై గీత గీయరు. నేతలోని పోగులను కంటితో లెక్కించుచు సూది దింపుదురు. అందుచేతనే త్రికోణములు, చతురస్రములు, మెట్ల వంటి వరుసలు ఎక్కువ. ఒక్క పోగు తప్పినచో జానెడు సాగునప్పటికి వరుస వంకరపోవును, అప్పుడు విప్పవలసినదే. అద్దము నిలుపుట వేరొక విద్య. బిళ్లకు రంధ్రముండదు. ముందుగా దానిపై దారమును నిలువుగను అడ్డముగను లాగి చిన్న చట్టము వలె బిగింతురు. పిదప ఆ చట్టపు దారమును పట్టుకొని అంచు చుట్టును కాజా కుట్టు వంటి కుట్టు వేయుదురు. ఒక్కొక్క కుట్టు పడినకొలది చట్టము అంచులకు జరుగును, నడుమ అద్దము వెలికి వచ్చును. బిగువు తక్కువైన బిళ్ల జారిపోవును. ఎక్కువైన గుడ్డ ముడుచుకొనును. నేడు బజారులో ప్లాస్టిక్ బిళ్లలను జిగురుతో అంటించి, అదియు లంబాడీ పని యనియే అమ్ముచున్నారు. నాలుగు ఉతుకులైన పిదప కొన్నవారికి సంగతి తెలియును.

ఈ బిగువును పుస్తకము నేర్పజాలదు. కూటమిలో కూర్చున్న బాలికకు తల్లి ఒక పాత గుడ్డ ముక్క నిచ్చును. ఆమె నెలల తరబడి తప్పుగా కుట్టును. ప్రక్కనున్న అవ్వ మాటలు ఆపకయే ఆ ముక్కను అందుకొని, నాలుగు కుట్లు విప్పి, రెండు వేసి, తిరిగి ఇచ్చివేయును. పాఠమన్న అంతియే. తన పెండ్లి బట్టలను, సంచులను తల్లీ కూతుండ్రు కలసి సిద్ధపఱచుకొను ఆచారమునకు ఈ చదువే ఆధారము. ఒంటరిగా ఇంటిలో కూర్చుండి కుట్టు స్త్రీ తనకు తెలిసిన కుట్లనే కుట్టగలదు. ఆమెకు తెలియని కుట్టు ప్రక్క ఇంటిలో నుండిపోవును.

కొంతకాలము క్రిందట మేము నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతమున ఒక తండాకు పోయితిమి. అరువది యేండ్ల స్త్రీ ఒకామె జానెడు వెడల్పు అంచును మాకు చూపినది. దానిపై వ్రేలు ఆనించుటకు సందు లేదు. "ఇరవై దినాలు కుట్టిన సారూ. కొనెటోడు గజం లెక్క అడుగుతడు, దినం లెక్క అడగడు" అన్నది. మీ తల్లిగారి బట్టలేవైన కలవా యని అడిగితిమి. ఆమె నవ్వి, "మా యాడి కాంచళి స్టీలు బిందెకిచ్చిన. బిందె సొట్టపోయి మూలకుంది" అన్నది. అట్టి పాత కుట్టుగుడ్డలు ముక్కలుగా కోయబడి, దిండు గలీబులుగా, చేతిసంచులుగా నగరపు దుకాణములలో వ్రేలాడుచుండుట మేము చూచియున్నాము. వాటి వెల బిందెల వెల కాదు.

ఇచ్చట కొంత లెక్క చెప్పవలసియున్నది. ఒక చిన్న సంచికి దినమునకు నాలుగు గంటల చొప్పున ఆరు దినములు పట్టిన దనుకొందము. అది 24 గంటలు. అనగా ఎనిమిది గంటల కూలిదినములు మూడు. దినకూలి 300 రూపాయలని యెంచిన పని విలువ 900. గుడ్డ, దారము, అద్దములకు 120. మొత్తము 1020 రూపాయలు. వర్తకుడు 400 ఇచ్చెనా, సామగ్రి పోగా 280 మిగులును. గంటకు పండ్రెండు రూపాయలైన లేదు. పొలములో అదే గంటకు 37 రూపాయల 50 పైసలు. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవే. మీ గ్రామపు కూలి రేటును వేసికొనుడు. ఈ లెక్కను స్త్రీలే వేసికొనవలయును. కుట్టుటకు కూర్చున్నప్పుడెల్ల గోడమీద బొగ్గుతో ఒక గీత గీసినను చాలును. బేరమునకు వచ్చినవాని యెదుట ఆ గీతలు ఉండవలయును. ఒక్కతె యడిగిన ధరను వర్తకుడు కాదనును. పదిమంది ఒకే లెక్క చెప్పినచో వినక తప్పదు. కూటమి వలన లాభమన్న మాటకు ఇదియొక అర్థము.

మేము పోయిన తండాలో కూటమి ఎందుకు చెదరినది? అవ్వలు చెప్పిన కారణములు మాకు కొంత వింతగా తోచినవి. క్రొత్త ఇండ్లు వచ్చినవి, మంచిదే. కాని అరుగులు పోయినవి. ప్రహరీ గోడలు లేచినవి. వయసు స్త్రీలు హైదరాబాదునకు కట్టడపు పనులకు పోయి పండుగకు గాని రారు. ఉన్నవారికి పగలు తీరిక లేదు. సాయంకాలము తీరిక యున్నను చూపు ఆనదు. నలుబది దాటిన పిదప దగ్గఱి చూపు మందగించుట సర్వసామాన్యము. సూదిలో దారమెక్కక పని మానుకొనిన స్త్రీలు "మా చేయి పోయింది" అనుకొందురు. పోయినది చేయి కాదు, కంటికి అద్దములు లేకపోవుటయే. 2018లోను 2023లోను రాష్ట్రమున జరిగిన కంటి వెలుగు శిబిరములలో ఎందఱో అద్దములు పొందిరి. అప్పుడు పొందనివారిని, పొందినను పగులగొట్టుకొన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుట వార్డు సభ్యునికి ఒక పూట పని.

చోటు సంగతియు అట్టిదే. పంచాయతీ భవనము సాయంకాలము అయిదు దాటిన తరువాత తాళము వేసియుండును. దాని వసారాలో రెండు చాపలు, తలపై నీడ పడనట్లు ప్రక్కగా అమర్చిన ఒక మంచి దీపము, త్రాగుటకు కుండెడు నీరు: ఇంతకంటె ఎక్కువ కోరినవారు మాకు కనబడలేదు. శిక్షణ కేంద్రమని పేరుపెట్టి, కుట్టుమిషనులు తెచ్చి, ఉపన్యాసముతో ప్రారంభించినచోట ఆఱు మాసములకు మిషనులపై దుమ్ము పేరుకొనుటయు మేము చూచితిమి.

బాలికలు ఈ వేషము ధరింపవలెనని పట్టుపట్టు పెద్దలు కొందఱు కలరు. అది బరువైన బట్ట, వేసవిలో ఉక్క, ఉతుకుట కష్టము. పాఠశాలకు దానిని ధరించి పొమ్మనుట న్యాయము కాదు. తీజ్ పండుగకు ధరించిన చాలును. వేషము వేఱు, విద్య వేఱు. సంచిమీద, దిండు గలీబు మీద కుట్టినను కుట్టు కుట్టే.

కర్ణాటకమున బళ్లారి జిల్లా సండూరులో కుశల కళా కేంద్రము లంబాడీ స్త్రీలను ఇట్లే ఒకచోట చేర్చినది. అచ్చటి కుట్టునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 జూలైలో హంపిలో జీ-20 సమావేశములు జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాడీ స్త్రీలు సిద్ధపఱచిన 1755 కుట్టుపని వస్తువుల ప్రదర్శనము గిన్నిసు పుస్తకమున కెక్కెను. ఒక్క హెచ్చరిక: సండూరు పేరు ఆ ప్రాంతపు పనికే చెందును, మన తండాల సరుకును ఆ పేరుతో అమ్మరాదు. మనవారు మొదట చేయదగినది కేంద్ర జౌళి మంత్రిత్వశాఖలోని హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయము ఇచ్చు కళాకారుల గుర్తింపు కార్డునకు దరఖాస్తు పెట్టుట. ఆ కార్డు పేరు పహచాన్. దరఖాస్తు నింపుటకు చదువు వచ్చిన పిల్లలు సాయపడవచ్చును.

సండూరులో పదునాలుగు కుట్లను పేర్లతో లెక్కింతురు. మన తండాలలో ఎన్ని యున్నవి? వాటి పేర్లేమి? దేవరకొండ తండాలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఒకామె ఒకటి చెప్పగా మరియొకామె అది వేఱు పేరనెను. కొంత వాదము జరిగెను. తుదకు మేము ఒక ఉపాయము చెప్పితిమి. గజము నూలుగుడ్డ తీసికొని గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క కుట్టు కుట్టి, క్రింద ఆ పేరును తెలుగు లిపిలో వ్రాయవలెను. వారి గోర్‌బోలికి సొంత లిపి లేదు గనుక అవ్వ పలికినది పలికినట్లే వ్రాయవలెను. రెండు పేర్లున్న రెండును వ్రాయవలెను. గుడ్డ పంచాయతీ బీరువాలో ఉండవలెను, ఎవరికిని అమ్మరాదు.

రెండు నెలలకు మరల పోయితిమి. పంచాయతీ వసారాలో దీపము వెలుగుచుండెను. తొమ్మండుగురు కూర్చుండిరి, అందు బడి బాలికలు ఇరువురు. గుడ్డపై పదుమూడు గళ్లు గీయగా పదునొకటి నిండినవి. మిగిలిన రెండు కుట్లను చిన్ననాట చూచితిమని అందఱును చెప్పిరి గాని, సూది పట్టినచో ఎవరికిని రాలేదు. అప్పుడొకామె తన మేనత్తకు అవి వచ్చునని, ఆమె నాలుగు కోసుల దూరమున వేఱొక తండాలో నున్నదని, కాలు నొప్పిచే నడువలేదని చెప్పినది. తీజ్ లోపల ఆటోలో పిలిపించుటకు సర్పంచి ఒప్పుకొనెను.