ఎడమ చేతికి అందే అక్షరాలు

(క్యాడ్ సందేహాలు - సమాధానాలు)

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆటోక్యాడ్ తెరను సొంతానికి అమర్చుకోవడం గురించే. ముందుగా ఒక మాట. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను కానీ కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

సార్, నేను 14వ రిలీజు రోజుల నుంచీ ఆటోక్యాడ్ మీదే బతుకుతున్నాను. మా అబ్బాయి కొత్త కంప్యూటర్ కొని కొత్త వెర్షన్ వేయించాడు. పాత క్లాసిక్ తెర ఎక్కడా కనిపించడం లేదు. పైన రంగురంగుల పట్టీ ఒకటుంది, అందులో ఏది ఎక్కడుందో వెతికేసరికి పూట గడిచిపోతోంది. పాతది తెచ్చుకునే దారి ఉందా?
- డ్రాఫ్ట్స్‌మన్, విజయవాడ

ఉంది. మీరనే పట్టీ పేరు రిబ్బన్. 2009 వెర్షన్‌తో వచ్చింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు క్లాసిక్ అనే అమరికను జాబితాలో ఉంచారు, 2015 వెర్షన్‌లో తీసేశారు. కానీ తీసేసింది అమరికనే. అందులోని మెనూలు, టూల్‌బార్లు లోపల భద్రంగానే ఉన్నాయి.

ముందు 'మెనూబార్' అని కలిపి కొట్టి విలువ 1 ఇవ్వండి. ఫైల్, ఎడిట్, వ్యూ వరస పైన ప్రత్యక్షమవుతుంది. అందులో టూల్స్, దాని కింద టూల్‌బార్స్, ఆటోక్యాడ్ అని వెళ్తే పాత పేర్లన్నీ దొరుకుతాయి. డ్రా, మాడిఫై, లేయర్స్, డైమెన్షన్ తెచ్చి మీ చేతికి అలవాటైన అంచున పెట్టుకోండి. తర్వాత 'రిబ్బన్‌క్లోజ్' కొడితే పట్టీ పోతుంది. చివరగా డబ్ల్యూ, ఎస్ అక్షరాల వెంట సేవ్ అని కలిపి కొట్టి, ఆ అమరికకు ఒక పేరు పెట్టండి. ఈ చివరి పని మరిచిపోయి, మళ్లీ మొదటికొచ్చి విసుక్కునేవాళ్లే ఎక్కువ.

వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో, మార్పులను దానంతటదే సేవ్ చేయాలా అన్న ప్రశ్న ఉంటుంది. వద్దనే ఉంచండి. అప్పుడు ఎవరైనా మౌస్ తగిలించి టూల్‌బార్‌ను నడిమధ్యకు లాగేసినా, తెర కింద కుడి మూలనున్న పళ్లచక్రం గుర్తు నొక్కి మీ పేరును మళ్లీ ఎంచుకుంటే అంతా యథాస్థానానికి వస్తుంది.

మీ తరంవాళ్లు డిజిటైజర్ పలకలు కూడా చూసే ఉంటారు. వాటి మీద పరిచే కమాండ్ల పటంలో పైభాగాన్ని వాడేవాళ్ల సొంత గళ్ల కోసం ఖాళీగా వదిలేవారు. ఎవరి ఆఫీసుకు వాళ్లు ఆ గళ్లు నింపుకునేవారు. కాబట్టి తెరను మన పనికి తగ్గట్టు మలుచుకోవడం ఈనాటి ముచ్చటేమీ కాదు. అయితే పాతదాన్ని మొత్తంగా తవ్వి తీయకండి. నేనూ ఒకప్పుడు పద్నాలుగు టూల్‌బార్లు పరిచి, గీసుకోవడానికి అరచేయంత చోటు మిగుల్చుకున్నవాణ్ణే. ఆ టూల్‌బార్ బొమ్మల్లో సగం కమాండ్ల షార్ట్‌కట్లు మీ వేళ్లకు ఎప్పుడో వచ్చేసి ఉంటాయి.

నమస్తే సార్. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదువుతున్నాను. మా సీనియర్ అక్క ఒక కన్సల్టెన్సీలో చేస్తుంది. తను కీబోర్డు చూడకుండా, బటన్లు నొక్కకుండా గబగబా గీస్తుంది. తన షార్ట్‌కట్ల ఫైలు ఇస్తానంది. వేసుకోమంటారా?
- విద్యార్థిని, నిజామాబాద్

వేసుకోవద్దు. ఆ ఫైలు మీ అక్క చేతికి కొలిచి కుట్టిన జాకెట్టు లాంటిది. మరో కారణం ఇంకా ముఖ్యం. పరీక్ష రాసే కంప్యూటర్లో ఆమె షార్ట్‌కట్లు ఉండవు. అక్కడ సీ అంటే సర్కిలే. ఇంట్లో సీ అంటే కాపీ అని వేళ్లకు నేర్పితే, పరీక్షలో కాపీ కొట్టబోయిన ప్రతిసారీ సున్నా ప్రత్యక్షమవుతుంది. పరీక్షయ్యేదాకా ఆటోక్యాడ్‌తో వచ్చిన అక్షరాలతోనే వేగం తెచ్చుకోండి. అది తెచ్చుకోదగ్గ వేగమే.

ఉద్యోగంలో చేరాక ఏం చేయాలో ఇప్పుడే చెబుతాను, దాచుకోండి. ఒక రోజంతా మామూలుగా పనిచేసి, ప్రోగ్రాం మూసేముందు ఎఫ్2 నొక్కండి. అప్పటిదాకా మీరు కొట్టిన కమాండ్ల చిట్టా వరసగా తెరుచుకుంటుంది. పొద్దుణ్నుంచి చేసినదంతా ఫైలుగా మిగలాలంటే ముందే 'లాగ్‌ఫైల్ఆన్' అని కలిపి కొట్టి పెట్టాలి. మొన్న ఒక మెట్ల వివరం గీసి నా చిట్టా చూసుకున్నాను. ఆఫ్‌సెట్, ట్రిమ్, ఆఫ్‌సెట్, ట్రిమ్, మూవ్, మళ్లీ ఆఫ్‌సెట్... పేజీ నిండా ఇవే. నేను ఎంతో ముచ్చటపడి షార్ట్‌కట్ పెట్టుకున్న ఒక కమాండు ఒక్కసారి కూడా కనిపించలేదు.

ఇప్పుడు కీబోర్డు మీద చెయ్యి పెట్టి చూడండి. కుడి చెయ్యి మౌస్ మీద ఉంటుంది. ఎడమ చేతికి సుఖంగా అందేవి క్యూ నుంచి టీ వరకు, ఏ నుంచి జీ వరకు, జెడ్ నుంచి బీ వరకు. ఎరేజ్‌కు ఈ, ఫిల్లెట్‌కు ఎఫ్, స్ట్రెచ్‌కు ఎస్, ఎక్స్‌ప్లోడ్‌కు ఎక్స్ అన్నీ ఆ వైపే. మరి లైన్‌కు ఎల్, మూవ్‌కు ఎమ్, ఆఫ్‌సెట్‌కు ఓ? మూడూ అవతలి ఒడ్డున ఉన్నాయి. ప్రతిసారీ ఎడమ చెయ్యి దాటి వెళ్లాలి, లేదా కుడి చెయ్యి మౌస్ వదలాలి. సాయంత్రానికి భుజం లాగేది ఇందుకే.

అదే సమయంలో ఎడమ ఒడ్డున ఆర్ అనే మంచి స్థలాన్ని రీడ్రా ఆక్రమించుకుని కూర్చుంది. ఈ రోజుల్లో దానితో పనిపడేది అరుదు. వీ దగ్గర వ్యూ ఉంది. ఇంటి ప్లాన్లు గీసేవాళ్లకు అదీ తక్కువే. కాబట్టి వీని మూవ్‌కు, ఆర్‌ను కాపీకి ఇవ్వవచ్చు. ఆఫ్‌సెట్‌కు ఎఫ్ రెండుసార్లు పెట్టుకోవచ్చు.

చేసే పద్ధతి ఇది. రిబ్బన్‌లో మేనేజ్ అనే చోట ఎడిట్ ఎలియాసెస్ నొక్కితే ఏసీఏడీ డాట్ పీజీపీ అనే మామూలు అక్షరాల ఫైలు తెరుచుకుంటుంది. పైనున్న వరసలు ముట్టుకోకండి. అట్టడుగుకు వెళ్లండి, వాడేవాళ్ల సొంత ఎలియాస్‌ల కోసం ఒక భాగం ఉంటుంది. అక్కడ ముందు మీ అక్షరం, కామా, తర్వాత నక్షత్రం గుర్తు, దానికి ఆనించి కమాండు పూర్తి పేరు రాయాలి. 'వీ, *మూవ్' అన్నట్టు. ఒకే అక్షరం రెండుచోట్ల ఉంటే కింద రాసినదే చెల్లుతుంది. సేవ్ చేసి, 'రీఇనిట్' కొట్టి, వచ్చిన పెట్టెలో పీజీపీ ఫైల్ దగ్గర టిక్కు పెడితే ప్రోగ్రాం మూసి తెరవకుండానే అమల్లోకి వస్తుంది.

వారానికి రెండు మూడు మించి మార్చకండి. నేను ఒకేరోజు ముప్పై మార్చి, సోమవారం నుంచి బుధవారం దాకా కొత్తగా చేరిన కుర్రాడిలా తడుముకున్నాను.

ఎవరో నా సిస్టం ముట్టుకున్నారు. ఓపెన్ కొడితే ఫైళ్ల పెట్టె రావడం లేదు, కింద పేరు టైపు చేయమంటోంది. రెండో గీతను ఎంచుకుంటే మొదటిది వదిలేస్తోంది. మౌస్ చక్రం నొక్కితే డ్రాయింగు జరగడం లేదు. ట్రిమ్ కూడా వేరేలా పనిచేస్తోంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?
- సైట్ ఇంజనీర్, ఒంగోలు

అక్కర్లేదు. నాలుగు విలువలు సరిచేస్తే చాలు. ఫైల్ అనే మాట వెంటనే డీ, ఐ, ఏ చేర్చి కొట్టి 1 ఇవ్వండి, పెట్టె తిరిగొస్తుంది. 'పిక్‌యాడ్' కలిపి కొట్టి 2 ఇవ్వండి. ఎమ్ అక్షరం వెంట బటన్, పాన్ కలిపి కొట్టి 1 ఇవ్వండి. మొదటిది చాలాసార్లు ఎవరో ముట్టుకోవడం వల్ల కాదు, మధ్యలో ఆగిపోయిన లిస్ప్ ప్రోగ్రాం వల్ల 0గా మిగిలిపోతుంది.

ట్రిమ్ సంగతి వేరు. 2021 వెర్షన్ నుంచి కోసే అంచును ముందు ఎంచుకోనక్కర్లేదు, చుట్టూ ఉన్న గీతలన్నీ అంచులే. పాత పద్ధతే కావాలంటే 'ట్రిమ్ఎక్స్‌టెండ్‌మోడ్' కలిపి కొట్టి 0 ఇవ్వండి. కొత్తదాన్ని ఒక వారం భరించి చూడమని నా సలహా.

మాది చిన్న ఆఫీసు, ముగ్గురు పిల్లలు డ్రాయింగులు వేస్తారు. ఒకరు గోడను ఒక లేయర్‌లో గీస్తే ఇంకొకరు 0 లేయర్‌లోనే అన్నీ గీసేస్తారు. మున్సిపల్ అనుమతికి పెట్టేటప్పుడు రాత్రంతా లేయర్లు మార్చుకుంటూ కూర్చుంటున్నాం. అందరి తెరలూ ఒకేలా చేయడం ఎలా?
- కన్సల్టింగ్ ఇంజనీర్, కరీంనగర్

తెరలన్నీ ఒకేలా చేయాలని పట్టుబట్టకండి. ఎవరి షార్ట్‌కట్లు వాళ్లవి. ఒకేలా ఉండాల్సినవి లేయర్లు, కొలతల శైలి, టైటిల్ బ్లాకు.

మొదట ఒక టెంప్లేటు. అనుమతికి అడిగే లేయర్ల పేర్లన్నీ అక్షరం పొల్లుపోకుండా పెట్టి, యూనిట్లు, అక్షరాల సైజు సరిచేసి, డీడబ్ల్యూటీ ఫైలుగా సర్వర్‌లో దాచండి. ఆప్షన్స్‌లో ఫైల్స్ అనే చోట, టెంప్లేట్ సెట్టింగ్స్ కింద, క్యూన్యూ కోసం ఏ ఫైలు వాడాలో అడుగుతుంది. ముగ్గురి కంప్యూటర్లలోనూ దీన్నే చూపించండి. కొత్త డ్రాయింగు నొక్కగానే మీ లేయర్లతోనే తెరుచుకుంటుంది.

లేయర్లు ఉన్నంత మాత్రాన వాటిలో గీస్తారని నమ్మకం లేదు. అందుకే రెండో పని. కంట్రోల్‌తో 3 నొక్కితే టూల్ పాలెట్ వస్తుంది. ఒక డ్రాయింగులో గోడ లేయర్‌లో ఒక పాలీలైన్ గీసి, దాన్ని ఎంచుకుని, నీలి చుక్కల దగ్గర కాకుండా గీత మీద పట్టుకుని ఆ పాలెట్‌లోకి లాగి వదలండి. అది బటనై కూర్చుంటుంది. ఇక ఎవరు దాన్ని నొక్కి గీసినా ఆ గీత గోడ లేయర్‌లోనే పడుతుంది, అప్పుడు వాళ్లు ఏ లేయర్‌లో ఉన్నా సరే. కిటికీకొకటి, సెట్‌బ్యాక్‌కొకటి, రోడ్డుకొకటి ఇలాగే. పది నిమిషాల పని, ప్రోగ్రామింగ్ ఊసే లేదు. ఆ పాలెట్ ఫోల్డరును సర్వర్‌లో పెట్టి, మీరు తప్ప మిగతావాళ్లు చదవడానికి మాత్రమే వీలుండేలా చేయండి.

రిబ్బన్‌లోనే బటన్ కావాలంటే సీయూఐ ఎడిటర్‌లో కొత్త కమాండు సృష్టించి మాక్రో రాయాలి. ఇలా ఉంటుంది:

^సీ^సీ-లేయర్;ఎమ్;వాల్;;పీలైన్

మొదటి రెండూ అప్పటికి నడుస్తున్న కమాండును రద్దు చేస్తాయి. లేయర్ ముందున్న అడ్డగీత పెట్టె తెరుచుకోకుండా ఆపుతుంది. సెమీకోలన్ అంటే ఎంటర్. ఎమ్ అంటే ఆ పేరుతో లేయర్ లేకపోతే తయారుచేసి, ఉంటే దాన్నే ఎంచుకోమని. పేరు తర్వాత రెండు సెమీకోలన్లు ఎందుకంటే, ఒకటి పేరు ముగించడానికి, రెండోది లేయర్ కమాండులోంచి బయటపడటానికి. ఆ రెండోది మరిచిపోతే పాలీలైన్ మొదలవదు, లేయర్ కమాండే ఇంకా ఏదో అడుగుతూ ఉంటుంది. మాక్రోలు పనిచేయడం లేదంటూ వచ్చే ఫిర్యాదుల్లో నాకు మళ్లీ మళ్లీ తగిలేది ఈ పొరపాటే.

సార్, నేను దోహాలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇక్కడ బటన్లు మార్చబోతే ఒప్పుకోవడం లేదు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అమర్చుకున్నవన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, లిస్పులు కూడా. తెచ్చి వేసుకోవచ్చా?
- పాఠకుడు, ఖతార్

మీ కంపెనీ ఎంటర్‌ప్రైజ్ సీయూఐ అనే పద్ధతి పెట్టుకుంది. ఆ ఫైలును మీరు చదవగలరు, మార్చలేరు. సొంత బటన్లను విడి సీయూఐఎక్స్ ఫైలులో ఉంచుకుని 'సీయూఐలోడ్'తో పక్కన చేర్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది. ముందు అక్కడి క్యాడ్ మేనేజర్‌ను అడగండి. అడిగితే చాలామంది సరే అంటారు. అడక్కుండా చేస్తే ఎవరూ సరే అనరు.

పాత ప్రొఫైలు, అంటే ఏఆర్‌జీ ఫైలు, మాత్రం తేవద్దు. అందులో పాత కంప్యూటర్ ఫోల్డర్ల దారులు ఉంటాయి. అక్కడ వేసుకుంటే లేని ఫోల్డర్లలో ఫాంట్ల కోసం, టెంప్లేట్ల కోసం వెతుక్కుంటుంది.

లిస్పుల దగ్గర ఇంకా జాగ్రత్త. ఏసీఏడీడాక్ డాట్ ఎల్ఎస్పీ అనే పేరున్న ఫైలు ప్రతి డ్రాయింగుతోనూ దానంతటదే లోడవుతుంది. ఆటోక్యాడ్ వైరస్‌లు కొన్ని సరిగ్గా ఆ పేరు పెట్టుకునే తిరుగుతాయి, ప్రాజెక్టు ఫోల్డరును జిప్ చేసి పంపినప్పుడు దాంతోపాటే ప్రయాణిస్తాయి. మీ పెన్‌డ్రైవ్‌లో అదుంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అందులోది మీరు రాసింది కాకపోతే తీసేయండి. తెలియని ఫైలును లోడ్ చేయాలా అని ఆటోక్యాడ్ అడిగినప్పుడు, చదవకుండా 'ఎప్పుడూ లోడ్ చేయి' నొక్కే అలవాటు మానుకోండి.

ఇక షార్ట్‌కట్లు. అవి గట్టిగా ఇరవై వరసలు ఉంటాయేమో. పెన్‌డ్రైవ్ దేనికి? కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. అనుమతి దొరికిన రోజు మధ్యాహ్నం టీ వేళకు టైపు చేసేయవచ్చు.

నేను ఇంటీరియర్ డ్రాయింగులు ల్యాప్‌టాప్ మీదే వేస్తాను. తెర చిన్నది, మణికట్టు నొప్పి కూడా మొదలైంది. ఏదైనా చిట్కా?
- గృహిణి, హైదరాబాద్

తెరకు: కంట్రోల్‌తో 0 నొక్కితే చుట్టూ ఉన్న సరంజామా మాయమై డ్రాయింగే మిగులుతుంది. మళ్లీ నొక్కితే అన్నీ వస్తాయి.

మణికట్టుకు: ఆప్షన్స్‌లో యూజర్ ప్రిఫరెన్సెస్, అందులో రైట్‌క్లిక్ కస్టమైజేషన్. అక్కడ టైమ్ సెన్సిటివ్ అన్న చోట టిక్కు పెట్టండి. కుడి బటన్ టక్కున నొక్కితే ఎంటర్, కాస్త పట్టుకుంటే మెనూ. ఎంత పట్టుకోవాలన్నది 250 మిల్లీసెకన్లుగా ఉంటుంది. మీకు పొరపాటున మెనూలు వస్తుంటే 350 చేసి చూడండి. ఇది టచ్‌ప్యాడ్ మీద సాగేది కాదు, చక్రం ఉన్న మౌస్ ఒకటి కొనండి. నొప్పి రెండు వారాలు దాటితే నాకు కాదు, డాక్టరుకు చూపించుకోండి.