శివాజ్ఞయు – మన యెంపికయు



"శివుని యాజ్ఞ లేనిదే చీమయైనను కుట్టదు" అను సామెత మన యిండ్లలో నిత్యము వినబడుచుండును. కష్టకాలమున ఈ మాట ధైర్యము నిచ్చును. కాని తప్పు చేసినవాడును దీనినే అడ్డము పెట్టుకొనుచున్నాడు. మేలు జరిగిన తన గొప్పయనియు, కీడు జరిగిన శివేచ్ఛయనియు చెప్పుట భక్తి యగునా? విచారింతము.

గురువు మనకు ఇష్టలింగము నిచ్చి పంచాచారములను బోధించును. ఎంచుకొను శక్తి లేనివానికి బోధ యెందులకు? బండిచక్రమునకు ఎవ్వరును నీతి చెప్పరు గదా! సదాచార మనగా ధర్మమైన కాయకముచే ఆర్జించి, దాసోహము చేయుట. ఆ నడత మనచే కానిదైనచో గురువు దానిని విధింపడు. శక్తి శివునిదే. కాని ఒకే దీపపు వెలుగున ఒకడు పురాణము చదువును, ఒకడు దొంగలెక్క వ్రాయును. వెలుగు నిచ్చినవానిపై వ్రాతదోషము మోపరాదు.

12వ శతాబ్దమున కల్యాణములో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణదంపతు లుండిరి. నేలరాలిన బియ్యపుగింజల నేరుకొనుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. అది ఆశయే యని లక్కమ్మ మందలించి, ఆ బియ్యమును తిరిగి అక్కడనే పోసిరమ్మనెను. మారయ్య అట్లే చేసెను. గింజలు రాలియుండుట మారయ్య చేతిలోనిది కాదు. వంగి ఏరుకొనుట అతనిది. "శివుడే యిచ్చె"నని ఆ యిల్లాలు సమాధానపడలేదు. తప్పటడుగు వేసిన పిమ్మటను వెనుకకు మరలు స్వేచ్ఛ మిగిలియుండునని ఈ కథ తెలుపుచున్నది.

బసవేశ్వరుడు బ్రాహ్మణగృహమున జన్మించెను. ఆ జన్మ ఆయన కోరుకొన్నది కాదు. ఉపనయనమును నిరాకరించి వెడలుట మాత్రము ఆయన యెంపిక. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఈ ఘట్టమును వర్ణించినాడు. పుట్టుక, కలిమిలేములు మనకు ప్రాప్తించునవి. నడత మనము ఎంచుకొనునది.

నా యనుభవ మొకటి చెప్పుదును. కొన్నేండ్ల క్రిందట సమీపబంధువొకరి కుమారుడు నాలుగు మార్కులు తక్కువై నా పరీక్షలో తప్పెను. "వాని రాత మీ కలములో నున్న"దని ఆయన బతిమాలగా, ఆ నాలుగును కలిపితిని. బాలుని అదృష్టమని సరిపెట్టుకొంటిని. మరునాటి ఉదయము లింగపూజకు కూర్చుండగా అరచేయి నన్ను ప్రశ్నించెను. ఆ చేయియే గదా కలము పట్టినది! ఆ మార్కులు శివుడు వేయలేదు, నేను వేసితిని. బడికి పోయి ప్రధానోపాధ్యాయునితో చెప్పి దిద్దితిని. ఆ బంధువు రెండేండ్లు మా గడప త్రొక్కలేదు. ఆ బాధయు నేను ఎంచుకొన్నదే.

కావున మన పిల్లలకు సామెతతోపాటు దాని హద్దును గూడ నేర్పవలెను. రాత్రి విభూతి ధరించి పరుండబోవునపుడు, "నేడు నాకు ప్రాప్తించిన దేది? నేను ఎంచుకొన్న దేది?" అని ప్రశ్నించుకొనవలెను. రెండవదానికి మనమే ఉత్తరవాదులము. చీమ శివాజ్ఞచేతనే కుట్టునుగాక. చీమకు గురువు దీక్ష నీయలేదు; మనకు ఇచ్చినాడు.