చంపాలనుకోని చేతులు

నాతవరం

హారికా,

వన్యప్రాణుల మీద రాసిన ప్రాజెక్టు మీ నాన్న చేతికిచ్చి పంపావు కదా, మొత్తం చదివాను. దస్తూరీ ముచ్చటగా ఉంది, బొమ్మలు బాగా వేశావు. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. జంతువులు తగ్గిపోవడానికి కారణాలు రాస్తూ, వేటగాళ్లకు పేజీన్నర ఇచ్చి మిగతావన్నీ నాలుగు వరుసల్లో ముగించేశావు. వేట లేదని నేననను. మన కొండల్లో ఉచ్చులు పన్నేవాళ్లు, పందుల కోసం కరెంటు తీగలు పరిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ చంపుదామన్న ఊహైనా లేనివాళ్ల చేతుల్లో జాతులకు జాతులే తుడిచిపెట్టుకుపోయే దాకా వచ్చాయి. ఆ సంగతి నీ ప్రాజెక్టులోకి రావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు రాబందుల సంగతి విను. నా చిన్నతనంలో పశువు చస్తే ఊరి బయట పడేసేవారు. ఎక్కణ్ణుంచి కనిపెట్టేవో గానీ, పైన సుడులు తిరుగుతూ ఒకదాని వెనక ఒకటి దిగేవి. సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. కంపు ఉండేది కాదు, ఊరకుక్కల గుంపులూ ఇన్ని ఉండేవి కావు. నీకు ఊహ తెలిశాక ఈ చుట్టుపక్కల ఒక్క రాబందునైనా చూశావా? వాటినెవరూ వేటాడలేదు. అయినా 1990ల నుంచి 15 ఏళ్లు తిరిగేసరికి మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి.

కారణమేమిటో 2004లో గానీ తేలలేదు. పాకిస్థాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూసిన శాస్త్రవేత్తలు డైక్లోఫెనాక్ అనే మందును పట్టుకున్నారు. అది మనుషులూ వాడే నొప్పుల మందే. ఎద్దు కుంటుతోందనో ఆవుకు పొదుగు వాచిందనో రైతు అప్పు చేసైనా వేయించే ఇంజెక్షన్. ఆ పశువు ఒకటి రెండు రోజుల్లో చనిపోతే మందు కళేబరంలో ఉండిపోతుంది. దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయి, యూరిక్ యాసిడ్ పేరుకుపోయి గుండె మీదా కాలేయం మీదా సున్నం పూసినట్టు తెల్లగా గడ్డకడుతుంది. కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. రాబందులు ఒక్క కళేబరం మీద గుంపుగా వాలతాయి కాబట్టి, మందున్నవి నూరు కళేబరాల్లో ఒక్కటికన్నా తక్కువే ఉన్నా, జాతి కూలిపోవడానికి అది చాలునని లెక్కలు తేల్చాయి.

2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. దాని బదులు మెలోక్సికామ్ వాడితే రాబందుకు హాని లేదు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో 3 మిల్లీలీటర్లకు మించిన సీసాలనూ ఆపారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా పశువైద్యం నుంచి తీసేశారు. మంచి పనులే. కానీ రాబందు ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. ఎద్దు మీద ప్రేమతో మందు వేయించిన రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ మందు పశువు ఒంట్లోంచి ఎవరి ఒంట్లోకి పోతుందని మందు అమ్ముకున్నవాళ్లు ముందే అడగాల్సింది.

అదే ప్రశ్న మన పొలంలోనూ అడుగు. చెరకులో పీకపురుగనీ, వరిలో కాండం తొలిచే పురుగనీ కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లుతారు. మట్టిలో కలవకుండా పైన ఉండిపోయిన గుళిక పిట్ట కంటికి గింజే. అది నరాల మీద పనిచేసే విషం. చిన్న పిట్టకు నాలుగు గుళికలు కూడా అక్కర్లేదు. చచ్చిన పిట్టను గద్ద ఎత్తుకుపోతే విషం గద్ద కడుపులోకి చేరుతుంది. వానొస్తే మిగిలింది బోదెలోకి, బోదెలోంచి తాండవ ఏటిలోకి. ఆ ఏటి మీది మన రిజర్వాయరు నీళ్లు 50 వేల ఎకరాలకు పైగా తడుపుతాయని గొప్పగా చెప్పుకుంటాం. ఆ పొలాల్లో చల్లినదంతా మోసుకుంటూ ఏరు తుని, పాయకరావుపేట దాటి పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుందని కూడా చెప్పుకోవాలి.

ఇక గిరినాగు. 15 అడుగులకు పైగా పెరిగే ఆ పాము మన తూర్పు కనుమల్లో ఉండటం మనకు గర్వకారణం. దాని తిండి ఎక్కువగా పాములే. జెర్రిపోతుల్నీ, త్రాచుల్నీ కూడా మింగుతుంది. పాముల్లో గూడు కట్టేది ఇదొక్కటే. ఆడపాము ఒంటిని చుట్టలు చుట్టి, రాలిన వెదురాకుల్ని దగ్గరికి లాగి కుప్పపోస్తుంది. అందులో 20 నుంచి 40 దాకా గుడ్లు పెట్టి, పైన పడుకుని కాపలా కాస్తుంది. పిల్లలు బయటికొచ్చే ముందే వెళ్లిపోతుంది. గూడు కట్టి గుడ్లు పెట్టేది వేసవిలో, వానలకు ముందు. సరిగ్గా అప్పుడే కొండకు నిప్పు పెడతారు. పోడు కోసమని ఒకరు, దారి కనబడాలని ఒకరు, బీడీ ముక్క పారేసి ఇంకొకరు. ఎండుటాకుల గూడు ఎంతసేపు ఆగుతుంది?

అడవి తరిగేకొద్దీ గిరినాగు ఎలుకల వెనక వచ్చే పాముల కోసం పామాయిల్ తోటల్లోకీ జీడితోటల్లోకీ దిగుతోంది. కనబడితే కర్రలతో కొట్టేస్తారు. ఆ భయం నాకర్థమవుతుంది. ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్లు అటవీశాఖతో కలిసి మన ప్రాంతపు ఊళ్లలో తిరుగుతూ, గిరినాగు కనిపిస్తే చంపకండి, కబురు చేయండి అని చెబుతున్నారు, గూళ్లకు కాపలా పెట్టిస్తున్నారు. మనిషికి మనిషి చెబితేనే భయం తగ్గేది. కొండలు తవ్వేవాళ్లకు చెప్పడం దానికన్నా కష్టం. మన మండలంలోనే, సుందరకోట పంచాయతీ బమిడిక వైపు లేటరైట్ తవ్వకాల కోసం అడవిలో లారీల దారి వేశారన్న ఫిర్యాదు 2021లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. చెట్టు కొట్టినచోట మళ్లీ మొక్క నాటవచ్చు. తవ్వి లారీకెత్తిన కొండను ఎవరు తెచ్చి పెడతారు?

సముద్రం గురించి కొంచెమే చెబుతాను, నువ్వు చూడని చోటు కాబట్టి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికొస్తాయి. రొయ్యల కోసం లాగే ట్రాల్ వలలో చిక్కితే, ఊపిరికి పైకి రాలేక నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చస్తాయి. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న గానీ మొదలవదు. తాబేలు తప్పించుకునే దారి ఉన్న వలలున్నాయి, కానీ చేపలూ జారిపోతాయని బోటువాళ్ల బాధ. నష్టం భర్తీ చేయకుండా వాళ్లను నిందిస్తే ఏం లాభం?

నీకో పని చెబుతాను. సెలవులకు వచ్చినప్పుడు మన కాలువ గట్టు వెంబడి పడున్న ఖాళీ మందు డబ్బాల మీది పేర్లన్నీ రాసుకో. ఏ పంటకు, ఏ నెలలో, ఎందుకు వాడారో రైతుల్ని అడుగు. అడిగేటప్పుడు తప్పు పట్టినట్టు ఉండకూడదు. దీనికి బదులు ఏది దొరికితే మానేస్తారని కూడా అడుగు, నీ ప్రాజెక్టుకు పనికొచ్చే సమాధానాలు అక్కడే ఉంటాయి. పశువుల ఆసుపత్రి డాక్టరుగారిని నొప్పులకు ఏ ఇంజెక్షన్ ఇస్తున్నారో అడుగు. డబ్బాలు మాత్రం చేత్తో ముట్టుకోకు, పుల్లతో తిప్పి చదువు. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కో.

ఇట్లు,
తాతయ్య