ముందు ఆ సవరణ చెయ్యి తల్లీ

హనుమకొండ

చి. అమ్మలుకు,

నువ్వు పీహెచ్‌డీ మానేసి హైటెక్ సిటీలో ఉద్యోగం చూసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. ఆ సంగతికి తర్వాత వస్తాను. నాకు నిద్ర పట్టనివ్వనిది నీ ఉత్తరంలోని ఇంకో మాట. గడోలినియం గోళాన్ని చల్లబరుస్తూ 20 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి దాని ససెప్టిబిలిటీ పెరగడం మానేసి, 3 దగ్గర చదునైపోయిందనీ, లోహమే మంచిది కాదనీ రాశావు.

లోహాన్ని అనకు తల్లీ. డీమాగ్నటైజేషన్ సవరణ చేశావా? గోళం అయస్కాంతమయ్యేకొద్దీ దాని కొసల్లో ఏర్పడే ధ్రువాలే లోపలి క్షేత్రాన్ని తగ్గిస్తాయి. గోళానికి ఈ డీమాగ్నటైజేషన్ గుణకం మూడింట ఒకటి. అసలు ససెప్టిబిలిటీ 1000 ఉన్నా, అయస్కాంతత్వాన్ని బయటి క్షేత్రంతో భాగిస్తే 3 దాటదు. నువ్వు కొలిచింది ఆకారాన్ని! లోపలి క్షేత్రం లెక్కగట్టి గీత మళ్లీ గియ్యి. క్యూరీ-వైస్ నియమం ప్రకారం, లోహం అయస్కాంత గుణం కోల్పోయే క్యూరీ ఉష్ణోగ్రతకు దూరం సగమైతే విలువ రెట్టింపు కావాలి. నికెల్‌లో, బాగా దగ్గరగా, అది సుమారు రెండున్నర రెట్లవుతుంది. ఆ అర రెట్టు కోసమే ఇంత పాటు. మీ సెంట్రల్ యూనివర్సిటీ కౌల్ గారు, శ్రీనాథ్ గారు గడోలినియం మీద 1999లో వేసిన పేపరు తీసి చదువు.

మా కాలేజీలో దారానికి కట్టిన నికెల్ తీగ అయస్కాంతం వైపు ఒరిగి ఉండేది. కింద స్పిరిట్ దీపం పెడితే 358 డిగ్రీల దగ్గర పట్టు వదిలి వెనక్కి ఊగేది, చల్లారగానే మళ్లీ పోయి అంటుకునేది. సెలవులకొచ్చిన మీ నాన్న స్పిరిట్ అయిపోయేదాకా కదిలితేనా! అటెండరు తాళాలు ఆడిస్తూ గుమ్మంలోనే నిలబడ్డాడు. నీ మొండితనం ఎక్కడిదో నాకు తెలుసులే.

గడోలినియం డిసెంబరు తెల్లవారుజామున అయస్కాంతం, మే నెలలో కాదు. గది ఏసీని నమ్మకు. 20 డిగ్రీల చుట్టూ రీడింగులు ఒత్తుగా తీసుకో, తొందరపడకు. రాత్రుళ్లు ఖాళీ కడుపుతో ల్యాబులో కూర్చోకు.

ఉద్యోగం తప్పు కాదమ్మా. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మన వీధి పిల్లలు ఎందరో అక్కడే స్థిరపడ్డారు. వెళ్లాలనిపిస్తే వెళ్లు, మీ అమ్మకు నేను నచ్చజెబుతాను. సవరించని గీతను చూసి మనసు విరిగి మాత్రం వెళ్లకు.

పెద్దమ్మ సున్నుండలు పంపుతోంది, పక్కగది అమ్మాయికీ పెట్టు. కొత్త గీత కాగితం మీద గీసి పోస్టులో పంపు. ఫోన్లో చుక్కలు నాకు ఆనవు.

పెదనాన్న