తెల్లవారుజామున మొరాయించే బండి

పోయిన చలికాలం మన సంస్థ వ్యాన్ మమ్మల్ని మూడు వారాలు తిప్పలు పెట్టింది. ఫజర్ నమాజు కాగానే డయాలసిస్ రోగులు నలుగురిని ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చాల్సిన బండి అది. తాళం తిప్పితే ఇంజన్ మూలుగుతూ రెండు చుట్లు తిరిగి ఆగిపోయేది. వీధి కుర్రాళ్లు తోస్తే అందుకునేది. ఆ తర్వాత పగలంతా ఒక్క తాళానికే స్టార్టయ్యేది. ఒకరోజు తోసేవాళ్లు దొరక్క ఆలస్యమై, ఒక పెద్దమ్మగారి వంతు మధ్యాహ్నానికి జారిపోయింది. ఆ రోజే కంగారుపడి కొత్త బ్యాటరీ కొన్నాం. ఆరు వేలు దాటింది. మర్నాడు తెల్లారి బండి మళ్లీ అలాగే మూలిగింది.

మీలో చాలామందికి సొంత కార్లున్నాయి. మేము చేసిన పొరపాటు మీకూ ఎదురు కావచ్చు గనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

పొద్దున బండి స్టార్ట్ కాకపోతే ముందు చెవి పెట్టి వినాలి. ఇంజన్ నీరసంగా తిరుగుతోందా, లేక చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోవడం లేదా? ఈ రెండూ వేర్వేరు రోగాలు. మొదటిది కరెంటు సంగతి, రెండోది చాలాసార్లు ఇంధనం సంగతి. మనలో ఎక్కువమంది రెండింటికీ ఒకే మందు వేస్తాం: బ్యాటరీ మార్చడం. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. అందుకే కరెంటు దారిలో ఎక్కడ చిన్న లోపమున్నా పొద్దునే బయటపడుతుంది. ఇంజన్ వేడెక్కాక అదే లోపం దాక్కుంటుంది.

మా మొహల్లాలో ఒకప్పుడు లారీల వైరింగ్ చేసిన చాచా ఒకరున్నారు. కబురు పెడితే మర్నాడు చీకటితోనే మల్టీమీటర్ పట్టుకుని వచ్చారు. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీని తలుపు కూడా తీయకముందే కొలవాలన్నారు. బండి నడిపి ఆపిన వెంటనే కొలిస్తే మీటర్ లేనిపోని బలం చూపిస్తుందట. పూర్తిగా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపాలి. 12.2 అంటే దాదాపు సగమే ఉన్నట్టు. మాది 12.6 చూపింది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. మాది పదకొండు దగ్గరే నిలబడింది. అయినా ఇంజన్ మూలుగుతూనే ఉంది.

"బ్యాటరీ బాగుంది సాబ్. దాని బలం ఇంజన్ దాకా పోవడం లేదు" అన్నారు చాచా.

మీటర్ తీగ ఒకటి బ్యాటరీ మైనస్ కొనకు, రెండోది ఇంజన్ మీద రంగు లేని ఇనుముకు ఆనించి, డ్రైవర్‌తో మళ్లీ సెల్ఫ్ కొట్టించారు. అక్కడ అర వోల్టు కూడా కనిపించకూడదు. ఒకటిన్నర కనిపించింది! ఇంజన్‌నూ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ వానలకు తుప్పు పట్టి, బోల్టు కింద పొడి పొడిగా రాలుతోంది. ఎర్త్ బాగుంటే ఇదే పరీక్షను ప్లస్ వైపు, బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్ దాకా చేయాలి. రెండూ సరిగా ఉండి, బ్యాటరీ కూడా బాగుంటే అప్పుడు సెల్ఫ్ మోటార్ విప్పాలి.

టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, గట్టిగా బిగించాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు.

పొద్దున కొలిస్తే వోల్టులు తక్కువగా ఉన్నాయనుకోండి. ఇంజన్ నడుస్తుండగా మళ్లీ కొలవండి. మామూలు బండికి 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో పని చేస్తున్నట్టే. అదీ బాగుంటే బ్యాటరీ ముసలిదైపోయి ఉండాలి, లేదా రాత్రిపూట ఏదో కరెంటు తాగుతూ ఉండాలి. తర్వాత పెట్టించిన మ్యూజిక్ సెట్టు, డిక్కీలో ఆరని బల్బు ఇలాంటి దొంగలే. రోజూ మసీదు దాకా, బజారు దాకా మాత్రమే తిరిగే కారుకు ఇంకో చిక్కుంది. సెల్ఫ్‌కు ఖర్చయిన కరెంటు ఆ కాస్త దూరంలో తిరిగి నిండదు.

ఇంజన్ చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోకపోతే బ్యాటరీని వదిలేయండి. డీజిల్ బండిలో స్ప్రింగు గుర్తు దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. అలా చేసినా వణుకుతూ, తెల్లటి పొగ వదులుతూ స్టార్టయితే ముందుగా హీటర్ ప్లగ్గులను అనుమానించాలి. ఫిల్టర్ దగ్గరి చేతి పంపు నాలుగుసార్లు నొక్కితేనే అందుకుంటోందంటే పైపులోకి గాలి దూరుతోంది. పెట్రోల్ కారులో సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. ఇలా మూడుసార్లు చేశాక వెంటనే స్టార్టయితే, రాత్రి పైపులో పెట్రోల్ ఒత్తిడి దిగిపోతున్నట్టు. పంపు వాల్వో, కారుతున్న ఇంజెక్టరో చూడమని మెకానిక్‌కు చెప్పవచ్చు. ఏ బండికైనా పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి. మధ్యలో అర నిమిషమైనా ఆగండి, లేకపోతే మోటార్ కాలుతుంది.

చాచా కొత్త ఎర్త్ పట్టీ వేసి, బోల్టు కింద రంగూ తుప్పూ గీకి, పైన గ్రీజు రాశారు. అరగంట పని. పట్టీ ధర వందల్లోనే. కూలి ఇస్తామంటే చాయ్ చాలన్నారు. మర్నాడు చీకట్లో డ్రైవర్ తాళం తిప్పితే బండి మొదటి చుట్టులోనే అందుకుంది.

పాత బ్యాటరీని దుకాణంలో మార్పిడికి ఇచ్చేశాం. అదీ బాగానే ఉండి ఉంటుందన్నారు చాచా. కొలవకుండానే ఇచ్చేసినందుకు కోశాధికారిగారు ఇప్పటికీ మమ్మల్ని దెప్పుతుంటారు.