నారధూళిలో లేజరు కిరణము

ప్రశ్న: గోగునార మిల్లులో 30 మీటర్ల దూరమున బేళ్ల రాకను గుర్తించుటకు ఎట్టి లేజరు సెన్సారు కొనవలెను?
– ఒక పాఠకుడు, నెల్లిమర్ల

జవాబు: ప్రసారకము ఒకవైపునను గ్రాహకము ఎదుటివైపునను నిలిచి, నడుమ కిరణము తెగినంతనే సంకేతమొసగు ఈ జాతి సెన్సార్లకు తయారీదారులు చెప్పు దూరము నిర్మలమైన గాలికి సంబంధించినది గావున, నారధూళి పొగమంచువలె క్రమ్ముకొను మీ మిల్లునకు 60 మీటర్ల శక్తి గలదానిని కొనుట దుబారా గానేరదు. కిరణము మిక్కిలి సన్నమగుటచే స్వల్పకంపనమునకే గురి తప్పును. బ్రాకెట్టును యంత్రపు చట్రమునకు గాక గోడకు బిగింపుడు. (సెన్సారుకన్న బ్రాకెట్టు విషయముననే పిసినితనము కూడదని నా మతము.) గురి కుదుర్చుటకు కంటికగపడు ఎఱ్ఱని కిరణము, నేత్రరక్షణకు 1వ తరగతి లేజరు మేలు. కటకమును తఱచు తుడిపింపుడు. మనుష్యుల రక్షణకు మాత్రము దీనిని నమ్మరాదు. అందులకు ధ్రువీకృతమైన సేఫ్టీ లైట్ కర్టెన్ వేఱుగా అమర్పవలెను.